పరదేశమున బడిపంతులు

పట్టా చేతికి వచ్చిన యేడాదియే స్వదేశము విడిచి, జపాను పల్లెలలో బాలురకు ఆంగ్లము నేర్పబోవు యువతీయువకుల దినచర్య యెట్టిది? పగలు గురుత్వమును, రేయి శిష్యత్వమును వహించు ఆ జీవితము వారి కేమి నేర్పును? మన కేమి తెలుపును?

వర్తకుడు పరదేశమునకు సరకుతో పోవును. వైద్యుడు ఔషధములతో పోవును. భాషోపాధ్యాయుడు మాత్రము తన నోటిమాట తప్ప వేరొక సంపద లేక పోవును. అందును, కళాశాల పట్టా చేతికి వచ్చి యేడాదియైనను నిండకమునుపే, ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల ప్రాయమున, ఎన్నడును చూచి యెరుగని దేశమున, చదువరాని లిపి నడుమ, తన భాష తెలియని బాలుర యెదుట నిలువవలసి వచ్చినప్పుడు, ఆ జీవితమును ఉద్యోగమని మాత్రమే పిలిచి యూరకుండుట న్యాయము కాదు. అది మనుష్యునిచేత మొదటి యక్షరమునుండి మరల దిద్దించు విద్య.

ప్రతి సంవత్సరము వేసవి చివర ఇట్టి యువతీయువకులు వందలకొలదిగా టోక్యో నగరమున దిగి, కొలది దినముల శిక్షణ ముగియగానే జపాను నలుమూలలకును తరలిపోవుదురు. వారిని పిలిపించునది 1987లో ఆ దేశప్రభుత్వము నెలకొల్పిన జెట్ కార్యక్రమము. తొలియేట అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండు అను నాలుగు దేశములనుండి 848 మంది వచ్చిరి. నేడు సుమారు ఏబది దేశములవారు ఐదువేలకు పైబడి పనిచేయుచున్నారు. భారతదేశమునుండి వెళ్లినవారును కొలదిమంది వారిలో కలరు. నూటికి తొంబదిమందికి మించి పాఠశాలలలో సహాయ భాషోపాధ్యాయులు. ఏఎల్టీ అను పొడి యక్షరములతోడనే వారిని దేశమంతయు వ్యవహరించును. కార్యక్రమము మొదలైననాడు, అమెరికాతో వాణిజ్యవివాదములు ముదిరియున్న ఆ కాలమున, తమ సరకులతోపాటు తమ ప్రజలును ప్రపంచమునకు పరిచితులు కావలెననియు, మారుమూల గ్రామమునందలి బాలుడుసైతము పరదేశీయుని ముఖాముఖిగా ఎరుగవలెననియు పాలకులు తలచిరి. అందువలననే, టోక్యోను, క్యోటోను కలలుగని వచ్చినవారిలో పెక్కురు, పర్వతముల నడుమ వరిపొలముల ఊరికో, చేపల రేవునకో, సముద్రమధ్యమందలి చిన్న దీవికో పంపబడుచుందురు. పిలుచునది కేంద్రప్రభుత్వ మైనను, జీతమిచ్చి పోషించునది స్థానిక విద్యామండలి. కావున ఇద్దరి అనుభవములు ఒక్క తీరున నుండుట అరుదు. ఎవరి స్థితి వారిదే అను మాట వారిలో వారికి ఊతపదమై పోయినది.

నాగసాకి చెరనుండి మాత్సుయె పాఠశాల వరకు

ఈ వృత్తికి జపానునందు చిత్రమైన పూర్వచరిత్ర కలదు. ఆ దేశము పరదేశీయులకు తలుపులు మూసికొని యున్న 1848లో, రానాల్డ్ మక్‌డొనాల్డ్ అను ఇరువదినాలు గేండ్ల యువకుడు, తిమింగలముల వేటనావనుండి చిన్న పడవలో దిగి, ఉత్తరదిక్కున రిషిరి ద్వీపమును చేరెను. అతని తండ్రి స్కాట్లండు జాతీయుడు; తల్లి అమెరికా పడమటి తీరమందలి చినూకు తెగ స్త్రీ. అనుమతి లేక అడుగిడిన నేరమునకు అధికారులు అతనిని నాగసాకికి తరలించి నిర్బంధించిరి. కాని డచ్చిభాష మాత్రమే బాగుగ నెరిగిన ప్రభుత్వ ద్విభాషులు పదునలుగురు ఆ బందీయొద్దకే వచ్చి ఆంగ్లము నేర్చుకొనిరి. వారు పదములు పలుకుచుండగా అతడు ఉచ్చారణ దిద్దును. వారు మాటలాడుచుండగా అతడు జపాను పదములను తన చెవికి వినబడినట్లు కాగితముపై వ్రాసికొనును. 1849లో అమెరికా నావయొకటి వచ్చి అతనిని తోడ్కొనిపోయెను. ఐదేండ్లు గడచినపిమ్మట, అమెరికా నౌకాసేనాని పెరీ జపానుతో సంధి కుదుర్చుకొను సమయమున మధ్యవర్తియై నిలిచిన ద్విభాషులలో మొరియామా ఐనొసుకె యీ బందీయొద్ద పాఠము విన్నవాడే. స్వేచ్ఛలేని గదిలో, పుస్తకములు లేని పాఠశాలలో, ఒక్కొక్క పదమును ఇచ్చిపుచ్చుకొనుచు సాగిన ఆ చదువునందు గురుశిష్యభేదము పేరునకు మాత్రమే యుండెను.

1890లో లఫ్కాడియో హెర్న్ మాత్సుయె పట్టణమునకు ఆంగ్లోపాధ్యాయుడుగా వచ్చెను. గ్రీకు దీవిలో పుట్టి, ఐర్లండులో పెరిగి, అమెరికాలో పత్రికారచయితగా జీవించిన యాతడు అప్పటికి నలువది యేండ్లవాడు. అయినను ఆ పట్టణమున అతడు పసివానివలె సమస్తమును అడిగి తెలిసికొనెను. నిషిదా సెంతారో అను సహోపాధ్యాయుని స్నేహము అతనికి పాఠశాలను సుగమము చేసెను. సెత్సు అను సమురాయి కుటుంబపు కన్య అతనికి భార్యయై, జపాను హృదయమును విప్పిచూపెను. దంపతులిద్దరును వ్యాకరణనియమములను పాటింపని తమ సొంత జపాను భాషలో మాటలాడుకొనెడివారు. ఆమె ఆ భాషలో చెప్పిన పాతకథలే 1904లో ‘క్వైదాన్’ గ్రంథముగా వెలువడెను. మాత్సుయె బాలుర ముచ్చట్లు, వారి వ్యాసరచనలు, వారి వ్యాధులు, మరణములు 1894నాటి అతని పుస్తకమందు ‘ఆంగ్లోపాధ్యాయుని దినచర్య’ అను వ్యాసమున నిలిచియున్నవి. 1896లో కొయిజుమి యకుమో అను పేరుతో జపాను పౌరుడైన హెర్న్, ఆ దేశపు గ్రంథములను స్వయముగా చదువునంత పాండిత్యమును కడవరకును గడింపలేదు. కాని నేర్చుకొనవలెనన్న వినయమును కడవరకును విడువలేదు.

ఈ ఇరువురి జీవితములును ఒక్క సత్యమునే చెప్పుచున్నవి. పరభాష నడుమ తాను ప్రతిదినమును తడబడుచు నేర్చుకొనువాడే తన భాషను ఇతరులకు నేర్పుటకు యోగ్యుడగును. నేటి యువోపాధ్యాయుల దినచర్యను పరిశీలించిన కొలదియు నా కీ విశ్వాసమే దృఢపడుచున్నది.

ప్రొద్దుపొడుపునుండి ప్రొద్దుక్రుంకు వరకు

జపాను ఈశాన్యభాగమున ఒక చిన్నయూరిలో పనికి కుదిరిన యువతి నొకతెను భావింతము. ఆమె దినము పాఠశాలతో గాక చెత్తతో మొదలగును. కాల్పదగిన చెత్త యొకనాడు, ప్లాస్టిక్కు వేరొకనాడు, సీసాలు, డబ్బాలు మరియొకనాడు. ఊరివారు నిర్ణయించిన సంచిలోనే కట్టి, నిర్ణీతసమయమునకు, సాధారణముగా ఉదయము 8 గంటలలోపల, నియమిత స్థలమున ఉంచవలెను. పట్టిక యంతయు జపాను లిపిలో నుండును. తప్పుదినమున పెట్టిన సంచి అక్కడనే మిగిలిపోవును; పొరుగింటి వృద్ధురాలు వచ్చి, చేతిసైగలతోను, మెల్లని మాటలతోను భేదములు బోధించును. పరదేశమున ఉపాధ్యాయురాలికి లభించు తొలిగురువు తరచుగా ఇట్టి వృద్ధురాలే. ఇల్లు అద్దెకు తీసికొనుటకు పూచీదారుడు కావలెను. బ్యాంకులో ఖాతా తెరచుటకు పేరు చెక్కిన ముద్ర అనేకచోట్ల నేటికిని కావలసివచ్చును. పురపాలక కార్యాలయమున నివాసమును నమోదు చేయింపవలెను. వీని యన్నిటియందును విద్యామండలి ఉద్యోగి యొకడు వెంటనుండి నడిపించును. స్వదేశమున స్వతంత్రురాలై, తెలివిగలదని పేరొందిన పట్టభద్రురాలు, ఇక్కడ ఒక చీటి చదువుటకును ఇంకొకరిని ఆశ్రయించును.

సైకిలుపై పాఠశాల చేరి, వాకిటనే బయటి చెప్పులను విడిచి, లోపలి జోళ్లు తొడిగికొని, ఆమె ఉపాధ్యాయుల గదిలో ప్రవేశించును. అక్కడ ఎవరి గది వారికి లేదు. ఒక్కొక్క తరగతికి పాఠములు చెప్పువారి బల్లలన్నియు ఒక్కటిగా చేర్చి వేసియుండును. ఉపప్రధానోపాధ్యాయుడు అందరిని కనిపెట్టునట్లు ముందు కూర్చుండును. వచ్చినవారు శుభోదయము పలుకుదురు. ఉన్నవారందరును ఒక్క గొంతుతో ప్రత్యుత్తర మిత్తురు. ఉదయసమావేశమున వారు చదువు ప్రకటనలలో ఆమెకు తొలినెలలలో తన పేరు తప్ప మరేమియు తెలియదు. ఆ పేరు వినబడినప్పుడు లేచి తల వంచవలెనని మాత్రము ఆమె త్వరలోనే గ్రహించును.

ప్రాథమిక పాఠశాలలో 45 నిమిషములు, మాధ్యమిక పాఠశాలలో 50 నిమిషములు ఒక్కొక్క పాఠము. తరగతి నాయకుడు లెమ్మనును. అందరును లేచి వందన మొనర్చి కూర్చుందురు. పాఠపుస్తకమును జపాను ఉపాధ్యాయుడు నడిపించుచుండగా ఆమె చదివి వినిపించును, సంభాషణ నటించును, ఆటలాడించును. మధ్యాహ్నభోజనము తరగతిగదిలోనే. 1954నాటి పాఠశాలాభోజన చట్టము ననుసరించి ఏర్పడిన యీ పద్ధతిలో, తెల్లని వస్త్రములు, టోపీలు ధరించిన బాలురే వంతులవారిగా వడ్డింతురు. గురువులును శిష్యులును ఒకే యాహారమును ఒకేసమయమున, కృతజ్ఞతావచనము పలికి ఆరంభించి, కృతజ్ఞతావచనముతోనే ముగింతురు. శాకాహారియై పెరిగిన తెలుగువారి బిడ్డకు ఇది చిన్న పరీక్ష కాదు. ఏలయన, కాయగూరల పులుసుగా కనబడు దానియందును ఎండుచేపల సారము కలిసియుండుట అచ్చట సర్వసాధారణము. ఇంటినుండి డబ్బా తెచ్చుకొనవచ్చునో లేదో ముందుగా అడుగవలెను. అందరితోపాటు అదే తినుట సంఘజీవనమునకు గుర్తుగా భావించుచోట, వేరుగా తినుటకు గల కారణమును బాలురకు అర్థమగునట్లు చెప్పవలెను. ఆ కారణము చెప్పుటయే కొన్నిసార్లు ఆ దినమునకు శ్రేష్ఠమైన పాఠ మగును: ప్రశ్న నిజముగా అడుగబడినది, సమాధానము నిజముగా కావలసివచ్చినది, భాష ఆ రెంటినడుమ పనిచేసినది.

భోజనానంతరము పాఠశాల యంతయు చీపురులు, తడిగుడ్డలు చేతబట్టును. బాలురు వరుసలుగా వంగి నేల తుడుతురు. గురువులును వారితో కలియుదురు. తరగతిలో నోరు మెదపని పిల్లవాడు ఇక్కడ ఆమె చేతినుండి చీపురు తీసికొని, ఏ మూలనుండి ఊడ్చుట మొదలిడవలెనో చూపించును. ఆ కొలదిసేపు వాడు గురువు, ఆమె శిష్యురాలు. మరునాడు పాఠమున వాడు చేయెత్తుటకు ఈ చీపురే కారణమని ఎరిగిన ఉపాధ్యాయులు అనేకులు కలరు.

పని వేళలు వారమునకు 35 గంటలు. సాయంకాలము నాలుగు దాటినపిమ్మట బాలురు ఆటలకును, వాద్యములకును, కరవాలక్రీడకును పోవుదురు. ఆమె ముందుగా వెళ్లుచున్నందుకు మన్నింపుడని సహోపాధ్యాయులతో చెప్పి బయలుదేరును. ఇంటికి చేరునప్పటికి గురుత్వము ముగియును, శిష్యత్వము ఆరంభమగును.

రాత్రిబడి

జపాను భాషకు రెండు ధ్వన్యక్షరమాలలు, వానికి తోడు చీనానుండి వచ్చిన చిత్రాక్షరములు కలవు. నిత్యవ్యవహారమునకై 2010లో ప్రభుత్వము సవరించిన పట్టికలో అట్టి చిత్రాక్షరములు 2,136. ప్రాథమిక పాఠశాల ముగియునప్పటికి బాలుడు 1,026 నేర్చును. మొదటి తరగతి చిన్నవాడే యేడాదిలో 80 దిద్దును. తాను ఉదయమున ఆంగ్లము చెప్పివచ్చిన ఏడేండ్ల బాలుడు నేర్చిన పాఠమునే రాత్రి దీపము ముందు ఆమె దిద్దుకొనుచుండును. వాడు తనకంటె ముందున్నాడు. జూలై, డిసెంబరు నెలలలో జరుగు జపాను భాషాపరీక్షకు, దాని ఐదంతస్తులలో అన్నిటికంటె దిగువదానినుండి ఆరంభించి, ఆమె సిద్ధపడును.

ఈ రాత్రిబడియే పగటిబడికి ప్రాణము. విన్న మాటను పట్టుకొనలేకపోవుట యెట్లుండునో, తెలిసిన పదమే నాలుకచివర నిలిచి బయటికి రాకపోవుట యెంత యవమానముగా తోచునో, తప్పు చెప్పినప్పుడు ఎదుటివాడు నవ్వక ఓపికతో వేచియుండుట యెంతటి ఉపకారమో, ఇవి బోధనశాస్త్ర గ్రంథములను చదివినందున తెలియవు. దుకాణమున ఉప్పునకును చక్కెరకును భేదము తెలియక సంచిని త్రిప్పిత్రిప్పి చూచిన రాత్రికి మరునాటి ఉదయమున, ‘నాకు రాదు’ అని తలవంచుకొన్న పిల్లను మందబుద్ధియని ఆమె తలపదు. అక్కడ లేనిది బుద్ధి కాదు, ధైర్యమని ఆమెకు తన యనుభవమే చెప్పును.

జపాను తరగతిగదిలోని నిశ్శబ్దమును గురించి వచ్చినవారందరును చెప్పుదురు. మూడవ తరగతి పిల్లలు కొత్తగురువు చేతులు పట్టుకొని లాగుదురు, పాటలు గొంతెత్తి పాడుదురు. పదునాలు గేండ్లు వచ్చునప్పటికి అదే పిల్లలు ప్రశ్నకు ప్రత్యుత్తరము తెలిసియు మిన్నకుందురు. పదునైదవ యేట ఉన్నతపాఠశాల ప్రవేశపరీక్ష యెదురుగా నిలిచియున్నది. తప్పునకు మార్కు తరుగును. పదిమందిలో తప్పుచేయుట సిగ్గు. అందుచేత ఆంగ్లము వారికి మాటలాడు భాషగా గాక, పొరపాట్లను ఏరివేయు శాస్త్రముగా కనబడును. చిన్నప్రాయముననే ఈ భయము తొలగవలెనని 2011నుండి ఐదారు తరగతులలో ఆంగ్లభాషాకార్యక్రమములు తప్పనిసరి చేసిరి. 2020నుండి మూడు నాలుగు తరగతులకు యేడాదికి 35 పాఠములు, ఐదారు తరగతులకు 70 పాఠములు ఏర్పరచిరి. చట్టము పాఠముల సంఖ్యను పెంచగలదు. భయమును తగ్గించుట మాత్రము ఆ గదిలో నిలిచిన మనుష్యునివలననే కావలెను.

ఈ కార్యమున తెలుగు బిడ్డలకు ఒక సహజసౌలభ్యము కలదు. మనది అజంతభాష, జపాను భాషలోను అనునాసిక మొక్కటి తప్ప పదములన్నియు అచ్చులతోనే ముగియును. ఆంగ్లపదముల చివరి హల్లుకు మన పల్లెబడిలో ఉకారము చేర్చి పలికినట్లే అచ్చటి బాలుడును ఒక యచ్చు చేర్చి పలుకును. ఆంగ్లము మాతృభాషగా గలవారికి ఆ ఉచ్చారణ వింతగా తోచును. తెలుగు గురువునకు అది తన బాల్యమున తాను దాటివచ్చిన త్రోవయే. కర్త మొదట, కర్మ నడుమ, క్రియ చివర వచ్చు వాక్యక్రమమును రెండు భాషలకును సమానమే. కావున జపాను బాలుడు ఆంగ్లవాక్యమును ఏచోట తలక్రిందులు చేయునో, ఎందువలన చేయునో, తెలుగువాడు ఒక్కక్షణమున పసిగట్టగలడు. ఆ భాష పుట్టుకతో వచ్చినవాని స్వచ్ఛమైన ఉచ్చారణ విలువైనదే; దానిని నేర్చి సాధించినవాని యనుభవము అంతకు తక్కువ విలువగలది కాదు.

ఋతువులును ఏకాంతమును

పరదేశవాసమున దినములు వడిగా గడచును; ఆదివారములు మాత్రము మెల్లగా గడచును. ఉత్తర జపానులో శీతకాలము వచ్చిన పిమ్మట, తరగతిగదిలో కిరసనాయిలు పొయ్యి మండుచున్నను నడవలలో ఊపిరి పొగలుగట్టును. ఉదయమున ఇంటిముంగిట మంచును పారతో తీసినగాని త్రోవ యుండదు. స్వదేశమున పండుగ జరుగుచుండగా ఇక్కడ అది పనిదినము. దూరవాణిలో తల్లి కంఠము వినబడినంతసేపును సంతోషము; ఆ పిమ్మట గది మరింత నిశ్శబ్దము. మొదటి యేడాది ఆనందమంతయు నూతనత్వమునుండి వచ్చుననియు, రెండవ యేడాది ఆనందము మాత్రము తాను సంపాదించుకొనవలసినదనియు అచ్చట నివసించినవారు గ్రహింతురు.

ఆ సంపాదనకు పాఠశాలయే సాధనము. క్రీడోత్సవమున ఆమె తరగతితోపాటు త్రాడు లాగును. శరత్కాలమున బాలురు నడుపు సాంస్కృతికోత్సవమున ఏదో యొక పాత్ర ధరించును. ఊరి పండుగలో వీధినృత్యమునకు అడుగులు నేర్చుకొనును. మార్చి నెల అన్నిటికంటె బరువైనది. పట్టప్రదానసభలో ఒక్కొక్క పేరు పిలువగా బాలురు బిగ్గరగా పలికి లేచి నిలుతురు. మూడేండ్లుగా ఎరిగిన ఆ కంఠములను విని గురువులు కన్నీరు దాచుకొనరు. అదే నెల చివర ఉపాధ్యాయుల బదిలీలు ప్రకటింపబడును. ఆమెకు ఆత్మీయురాలైన సహోపాధ్యాయిని ఏప్రిల్ మొదట వేరొక పాఠశాలకు తరలిపోవును. ఎవరును శాశ్వతముగ నిలువని ఆ వ్యవస్థలో, ఆమె తాత్కాలికత్వము ప్రత్యేకమైన దుఃఖముగా గాక, అందరితో పంచుకొన్న ధర్మముగా మారును.

వ్యవస్థ తీర్పవలసిన ఋణము

ఇంతవరకు చెప్పినది ప్రశంస. కాని ప్రశంసతో నిలిచిపోవుట ఆ యువజనులకు న్యాయము చేసినట్లు కాదు. కొన్ని పాఠశాలలలో వారిని బిగ్గరగా చదువు యంత్రముగా మాత్రమే వాడుకొందురు. పాఠము తయారుచేయుటలో వారి యాలోచన అడుగరు. మాసమున కొకసారి తిరిగివచ్చు ఐదారు పాఠశాలల నడుమ త్రిప్పబడువారికి బాలుర పేర్లైనను తెలిసికొను తీరిక యుండదు. జెట్ కార్యక్రమమున ఒప్పందము ఒక్కొక్క యేడాదికే. ఐదేండ్లకు మించి కొనసాగుటకు వీలులేదు. 2012నుండి చాలకాలము తొలియేటి వేతనము 33,60,000 యెన్లుగా నుండెను. అది గౌరవముగ జీవించుటకు చాలెడిది. కాని ఖర్చు తగ్గించుకొను విద్యామండలులు మధ్యవర్తి సంస్థలద్వారా నియమించు ఉపాధ్యాయులకు అంతకు తక్కువ జీతము, సెలవుల నెలలలో కోత, రేపటి నిశ్చయము లేకపోవుట సామాన్యమైనవి. బోధనశిక్షణ లేక వచ్చిన యువతకు మొదటి యేడాదియంతయు అనుభవజ్ఞుడైన సహచరుని తోడు కావలెను. భాష నేర్చుకొనుటకు పనివేళలలోనే సమయ మియ్యవలెను. రాత్రిబడి పగటిబడికి ప్రాణమని ఒప్పుకొన్నచో, దానిని గురువు సొంతవేడుకగా విడిచిపెట్టుట తగదు. అది బోధనలో భాగముగా గణింపబడవలెను. పెండ్లికి వచ్చిన చుట్టమును మూడునాళ్లు ఆదరించి పంపినట్లు గాక, ఇంటిమనిషికి పనియు బాధ్యతయు అప్పగించినట్లు వారిని ఆదరించిన పాఠశాలలే అధికఫలము పొందుచున్నవి.

ఇషినొమాకి

ఒక్క సంగతి చెప్పక ఈ కథనము ముగింపరాదు. 2011 మార్చి 11న మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు 9.0 పరిమాణము గల భూకంపము ఈశాన్య జపానును కుదిపెను. వెనువెంటనే సముద్రము పొంగి తీరపట్టణములను ముంచెను. అమెరికాయందలి వర్జీనియానుండి వచ్చి ఇషినొమాకి పట్టణమున బాలురకు ఆంగ్లము నేర్పుచున్న టేలర్ ఆండర్సన్ అప్పటికి ఇరువదినాలు గేండ్లది. పాఠశాల ఆవరణమున భయముతో నిలిచిన బాలురకు ఆమె తోడుండి, వారిని తల్లిదండ్రులు తీసికొనిపోయిన పిమ్మట, సైకిలుపై ఇంటిత్రోవ పట్టెను; ఉప్పెన ఆమెను కబళించెను. రికుజెన్‌తకతాలో పనిచేయుచున్న అలాస్కా యువకుడు మాంటీ డిక్సన్‌ను సైతము ఆ జలములే కబళించెను. ఇద్దరును ఉద్యోగమునకై మాత్రమే అక్కడ నుండినవారు కారు. ఇద్దరును జపాను భాషయందు గాఢానురాగము గలవారు.

టేలర్ తల్లిదండ్రులు కుమార్తె పేర నిధి నెలకొల్పి, ఆమె బోధించిన పాఠశాలలకు ఆంగ్లపుస్తకములను సమకూర్చిరి. ఆ పుస్తకముల కొయ్య అరలను చేసినవాడు, తన ముగ్గురు బిడ్డలను అదే ఉప్పెనకు కోల్పోయిన ఒక వడ్రంగి. కుమార్తెను పోగొట్టుకొన్న పరదేశపు తలిదండ్రులును, బిడ్డలను పోగొట్టుకొన్న స్థానికుడును, పరుల పిల్లలు చదువుకొనవలెనని కలిసి పనిచేసిరి. దౌత్యకార్యాలయములు ఎన్నేండ్లు శ్రమించినను రెండు జాతులను ఇంత సన్నిహితముగ కూర్చగలవని చెప్పజాలము. ఒక యువతి మూడేండ్లకు లోబడిన కాలమున, రోజుకు కొన్ని పాఠములు చెప్పుచు, ఊరివారి మాట నేర్చుకొనుచు, వారి పిల్లల పేర్లు గుర్తుంచుకొనుచు జీవించుటవలన ఆ బంధము ఏర్పడెను.

మనవారికి

తెలుగునేలకు ఈ ఆదర్శము క్రొత్తది కాదు. గిడుగు రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను వారినోటనే విని నేర్చుకొని, పిమ్మట వారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పాఠశాలలు పెట్టించి, పుస్తకములు వ్రాసిరి. 1930ల దశకమున వెలువడిన వారి సవర వ్యాకరణనిఘంటువులు అట్లు దశాబ్దములపాటు శిష్యులై వినుటవలన పుట్టినవి. సముద్రములు దాటకయే ఆయన పరభాషలో పసివాడై, ఆ పసితనమునుండియే గురువైనాడు. నేడు అమెరికా మొదలగు దేశములలో వారాంతములయందు తమ యింటిపనులు ప్రక్కనుంచి ప్రవాసాంధ్రుల పిల్లలకు తెలుగు చెప్పు స్వచ్ఛంద గురువులును, 2007లో మొదలైన మనబడి వంటి ప్రయత్నములలో పాల్గొనుచు, ఇదే ధర్మమును మరియొక దిశనుండి నెరవేర్చుచున్నారు. ఇంటిలో విన్న తెలుగును ఆంగ్లపు నుడికారముతో పలుకు పిల్లవానిని పరిహసింపక ఆలకింపగలవారే వారిలో సఫలు లగుచున్నారు.

కావున పరదేశమునకు భాషోపాధ్యాయులై పోదలచిన మన యువజనులకు నా విన్నపము. పట్టా, ఉచ్చారణ, పాఠ్యప్రణాళిక, ఇవి యన్నియు కావలసినవే. కాని విమానమెక్కుటకు ముందే ఆ దేశపు లిపిని దిద్దుట మొదలిడుడు. చేరిన ఊరిలో మీకు తెలియనిదానిని బాలురనే అడుగుడు. వారు దిద్దిన తప్పును వారి యెదుటనే సరిచేసి పలుకుడు. తప్పు చేసియు తలయెత్తి నిలిచిన పెద్దమనిషిని బాలుడు తన కన్నులతో చూచినప్పుడు గాని, తానును తప్పుచేయవచ్చునని నమ్మడు. అట్లు నమ్మినప్పుడు గాని నోరు తెరువడు. ఏ పాఠ్యపుస్తకమును ఆ నమ్మకమును పుట్టింపలేదు. నేర్చుకొనుచున్న గురువు మాత్రమే పుట్టింపగలడు. దాని కొరకే అతడు అంతదూరము పోవుట సార్థకము.